ప్లానులో లేని గది

నూతులపేట మున్సిపాలిటీలో గుండిమెడ వారికి ఉన్న తెలివి ఇంకెవరికీ లేదు. ఈ మాట చెప్పింది గుండిమెడ వారే. అడిగిన వాళ్ళకీ చెప్పారు, అడగని వాళ్ళకీ చెప్పారు.

ఆ ఇంట్లో నలుగురు. పెద్దవాడు పానకాలు, అతని భార్య పేరిందేవి, తమ్ముడు అంకినీడు, అన్నదమ్ములిద్దరికీ మేనత్త చుక్కమ్మ. నలుగురిదీ ఒకటే పద్ధతి. ఎదుటివాడు ఏం చెప్పాడో అదే చేయాలి, చెప్పనిది చేయకూడదు. లోకంలో ఇన్ని గొడవలు జరుగుతున్నాయంటే చెప్పిన మాటకి జనం సొంత అర్థాలు తీయబట్టేనని పానకాలు అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళకి వివరించేవాడు.

చుక్కమ్మకి బీపీ ఉంది, ఉప్పు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఆ రోజు నుంచి ఆమె ఉప్పు చేత్తో ముట్టలేదు. గరిటెతో వేసుకుంది. గరిటె కాబట్టి కాస్త ఎక్కువే పడేది. రేషన్ షాపువాడు సంచి తెచ్చుకోమన్నాడు. అంకినీడు సంచి తీసుకెళ్ళాడు, చూపించాడు, మడిచి చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేశాడు.

"బియ్యమేవిరా?" అంది చుక్కమ్మ.

"బియ్యం తీసుకోమని వాడు అన్లేదత్తా."

అత్త మురిసిపోయింది. "అచ్చం మా అన్న పోలికే" అంది.

ఆ అన్న, అంటే పానకాలు తండ్రి, నిజానికి మామూలు మనిషే. మున్సిపాలిటీలో ప్లాను పెట్టి, అనుమతి తీసుకుని, ప్లానులో ఉన్నట్టే పెంకుటిల్లు కట్టాడు. వెనక గోడకీ ప్రహరీకీ మధ్య ఖాళీ వదలమంటే వదిలాడు. ఆయన పోయాక కొడుకులిద్దరూ రోజూ ఆ ఖాళీని చూశారు. చూసి చూసి, నాన్న ఇక్కడ గది కట్టడం మర్చిపోయినట్టున్నాడు అనుకున్నారు. అంతే. మేస్త్రీని పిలిచారు.

"అనుమతి అడగాలేమో" అంది పేరిందేవి.

"మన పెరట్లో కట్టుకోవడానికి ఎవరిని అడుగుతాం వదినా?" అన్నాడు అంకినీడు.

"ఇంటి పెద్దని" అంది చుక్కమ్మ.

అంకినీడు వెళ్ళి పానకాలుని అడిగాడు. పానకాలు కాసేపు ఆలోచించి అనుమతి ఇచ్చాడు.

గోడలు నడుమెత్తు లేచేసరికి మున్సిపాలిటీ మనిషి వచ్చాడు. "అనుమతి ఉందా?" అన్నాడు. "ఉందండీ" అని అంకినీడు అన్నని చూపించాడు. ఆ మనిషి గేటుకి ఒక కాగితం అంటించి, "తక్షణం పని ఆపండి" అని వెళ్ళిపోయాడు. ఇంకేముంది, ఆపేశారు. పేరిందేవి పొయ్యి మీద పప్పు కలియబెడుతోంది, గరిటె వదిలేసింది. అంకినీడు గడ్డం గీసుకుంటున్నాడు, ఒక చెంపతోనే సరిపెట్టాడు. చుక్కమ్మ చాట పక్కన పెట్టేసింది. నలుగురూ వచ్చి అరుగు మీద వరసగా కూర్చున్నారు. మేస్త్రీ మాత్రం ఆపలేదు. అతను ఆ ఇంటివాడు కాదు, అతనికెవరూ చెప్పలేదు. ఆ విధంగా పప్పు మాడింది, గది పూర్తయింది. చుక్కమ్మ మంచం అందులో వేశారు.

ఇదంతా పాత సంగతి. అసలు కథ పిండిమరతో మొదలైంది.

సందు చివర లింగారావు పిండిమర ఉంది. పేరిందేవికి ఆ మరంటే ప్రాణం. కారం ఆడిస్తున్నప్పుడు ఘాటుకి జనమంతా తుమ్ముకుంటూ బయటికి పరిగెత్తితే, ఆమె ఒక్కతే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బెల్టు తిరగడం చూస్తూ నిలబడేది. లింగారావుకి దగ్గు పట్టుకుంది. మర అమ్మేస్తానన్నాడు. మరతోపాటు వెనక రెండు గదులు.

"నీ ఇష్టం నాకు తెలుసుగా అమ్మా. దసరా దాకా నీ కోసం ఆగుతా. ఆ తర్వాత ఎవరు ముందొస్తే వాళ్ళదే" అన్నాడు.

పేరిందేవి మొగుడి దగ్గరికెళ్ళి, "పెళ్ళయిన దగ్గర్నుంచి మిమ్మల్ని ఒక్కటంటే ఒక్కటి అడిగానా?" అంది.

"లేదు" అని ఒప్పుకున్నాడు పానకాలు.

"ఇప్పుడు అడుగుతున్నా. ఈ ఇల్లమ్మి ఆ మర కొనండి."

అడిగింది కాబట్టి పానకాలు సరేనన్నాడు. అడగకపోతే అతనికి తట్టేదే కాదు.

ఇల్లు కొనడానికి సుభానీ వచ్చాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. జీవితమంతా గోతుల రోడ్డు మీద నడిపాడేమో, ఓర్పు బాగా ఉంది. ఇల్లంతా తిరిగి చూశాడు. "పెంకుటిల్లు కదా, చల్లగా ఉంది. నాకు బాగా నచ్చింది ఈ కప్పే" అన్నాడు. పెరట్లో జామచెట్టు కింద నిలబడి ఒక కాయ కోసుకుని, "ఈ చెట్టు కోసమైనా కొనచ్చు" అన్నాడు. వెనక గది దగ్గరికొచ్చేసరికి ఆగాడు.

"నేను బ్యాంకు లోను మీద కొంటున్నా పానకాలు గారూ. వాళ్ళు అన్నీ అడుగుతారు. ఈ గది ప్లానులో ఉందా?"

"లేదు భాయ్, పెరట్లో ఉంది" అన్నాడు అంకినీడు.

సుభానీ అతని ముఖం ఒకసారి చూసి, మిగతాది పానకాలుతోనే మాట్లాడాడు. "ఆ ఒక్కటి మున్సిపాలిటీలో తేల్చుకురండి. ఇల్లు ప్లాను ప్రకారం ఉందని వాళ్ళు సంతకం పెడితే చాలు. దసరా లోపు రిజిస్ట్రేషన్ చేయించేసుకుందాం."

అన్నదమ్ములు టౌన్ ప్లానింగ్ ఆఫీసుకి వెళ్ళారు. అక్కడి ఆఫీసరు పేరు కృపానందం. ఆయన తల ఎత్తి మాట్లాడటం ఎవరూ చూడలేదు. ఎదుటివాడి ముఖం చూస్తే పని చేసి పెట్టాల్సి వస్తుందని ఆయన భయం. సెల్‌ఫోనులోకి చూస్తూనే విన్నాడు.

"వెనక గదా? మా లెక్కలో అసలు ఆ గదే లేదు."

అన్నదమ్ములు ముఖముఖాలు చూసుకున్నారు.

"ఒకసారి వచ్చి చూస్తే బాగుంటుందేమో సార్" అన్నాడు పానకాలు.

"చూడక్కర్లేదు. ప్లానులో లేదంటే లేనట్టే."

"మరి ఇల్లు అమ్ముకోవాలంటే?"

"ప్లానులో ఏముందో ఇంట్లో అది ఉండాలి. ప్లానులో లేనిది ఏదీ ఉండకూడదు. ఏదీ! అర్థమైందా? సరిచేసుకుని కబురు చేయండి. వచ్చి సంతకం పెడతా."

"ఇంత విడమరిచి చెప్పే ఆఫీసరుని నేనెక్కడా చూళ్ళేదురా" అన్నాడు పానకాలు మెట్లు దిగుతూ.

ఇంటికొచ్చేసరికి చుక్కమ్మ వెనక గదిలో మంచం మీద ఉంది. "ఏమన్నాడ్రా?" అని అక్కణ్ణుంచే కేకేసింది.

పానకాలు పలకబోయి ఆగాడు. "లేని గదిలోంచి మాట వినిపిస్తే పలకచ్చంటావా?" అని తమ్ముణ్ణి అడిగాడు.

"పలికితే గది ఉందని ఒప్పుకున్నట్టే అన్నయ్యా."

అంతే. పలకలేదు. చుక్కమ్మ అరిచింది, తిట్టింది, చివరికి తలగడ విసిరింది. తలగడ వచ్చి అంకినీడు వీపుకి తగిలింది. లేని గదిలోంచి వచ్చిన తలగడ కాబట్టి అతను వెనక్కి తిరగలేదు. అన్నాల వేళకి పేరిందేవి మూడే కంచాలు పెట్టింది. చుక్కమ్మ వంటింట్లోకి వచ్చి నడుము మీద చేతులేసుకుని నిలబడింది.

"నా కంచమేదే?"

"నువ్వు ఉండేది వెనక గదిలో కదా పెద్దమ్మా. ఆ గది లేదట. ఆఫీసరు గారే చెప్పారు."

చుక్కమ్మకి కోపం పోయి ఆలోచన వచ్చింది. ఆమె ఆ ఇంటి ఆడపడుచు, తెలివిలో ఎవరికీ తీసిపోదు. "వంటిల్లు ప్లానులో ఉందా?" అంది.

"ఉంది పెద్దమ్మా."

"ఇప్పుడు నేను వంటింట్లో ఉన్నానా లేదా?"

"ఉన్నావు."

"అయితే ఉన్నాను. పెట్టు అన్నం."

భోజనాలయ్యాక ప్లాను కాగితం విప్పి చాప మీద పరిచారు. నలుగురూ చుట్టూ కూర్చున్నారు. ముందు పెరడు చూశారు. పెరట్లో జామచెట్టు లేదు. అంకినీడు లేచి గొడ్డలి తీసుకుని వెళ్ళాడు. కాసేపటికి జామచెట్టు పెరట్లో కూడా లేదు. తర్వాత గదులు చూశారు. మంచాల్లేవు, బీరువా లేదు, రోలు లేదు, ఆఖరికి గోడకి దేవుడి పటాలు కూడా లేవు.

"ఇన్ని సామాన్లు ఎక్కడికి తీసుకుపోతాంరా?" అన్నాడు పానకాలు.

పేరిందేవికి తళుక్కున మెరిసింది. "వెనక గదిలో పెడితేనో? వస్తువులూ ప్లానులో లేవు, గదీ ప్లానులో లేదు. లేనివన్నీ లేని చోట ఉంటాయి."

పానకాలు భార్య వైపు కొత్తగా చూశాడు. "పిండిమర నడపాల్సిన బుర్ర ఇది" అన్నాడు.

సామానంతా లేని గదిలోకి చేరింది. చుక్కమ్మ బీరువాకీ రోలుకీ మధ్య దారి చేసుకుని మంచం ఎక్కింది.

మర్నాడు అంకినీడు కాగితాన్ని ఇంకా నిశితంగా చూశాడు. ప్రతి గుమ్మం దగ్గరా తలుపు ఒక గీత, అది తెరుచుకునే మేర పావు చుట్టు. "అన్నయ్యా, ప్లానులో తలుపులన్నీ బార్లా తెరిచే ఉన్నాయి!" అన్నాడు. ఇంకేముంది, తలుపులన్నీ తెరిచి, మూసుకోకుండా రాళ్ళు అడ్డం పెట్టారు. కాగితం మూలన ఉత్తరం దిక్కు చూపించే పెద్ద బాణం గుర్తు ఉంది. ముందు వాకిట్లో దాన్ని కూడా సున్నంతో పెద్దగా వేశారు. ఇల్లు దక్షిణ ముఖం. బాణం సరిగ్గా వీధిలోంచి గుమ్మంలోకి చూసింది.

ఆ రోజు పక్క వీధిలో పెళ్ళి. నూతులపేటలో పెళ్ళంటే ఇంటికి దారి తెలియడానికి సందు మొదట్నుంచీ సున్నంతో బాణాలు వేయడం మామూలే. మగపెళ్ళివారి బస్సు సందు దగ్గర ఆగింది. జనం దిగారు, బాణం చూశారు, తలుపులు బార్లా తెరిచి ఉండటం చూశారు. లోపల ఒక్క సామాను లేకుండా శుభ్రంగా ఉంది. పట్టుబట్టలు సర్దుకుంటూ వచ్చి వరసగా బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు.

పేరిందేవి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"విస్తళ్ళు వేయరేంటమ్మా? పొద్దున టిఫిను తిని బయల్దేరాం" అన్నాడు మీసాల పెద్దాయన.

"మా ప్లానులో విస్తళ్ళు లేవండీ."

"మరేముంది మీ ప్లానులో?"

"వంటిల్లు ఉంది."

"వంటిల్లుంటే వంట ఉండదా?"

"వంట లేదండీ. వంటిల్లు ఒక్కటే ఉంది."

"కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళయినా ఇస్తారా?"

"చెంబు లేని గదిలో ఉందండీ. అక్కణ్ణుంచి తెస్తే ఉన్నట్టయిపోతుంది."

పెద్దాయన మీసాలు అదిరాయి. "ఈ సంబంధం తెచ్చినవాణ్ణి ముందు పిలవండ్రా!" అని లేచాడు. పెళ్ళికొడుకుతో సహా అందరూ బస్సెక్కారు. ఆడపెళ్ళివారు పరిగెత్తుకొచ్చి బస్సుకి అడ్డంపడి, కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని వాళ్ళని తీసుకెళ్ళేసరికి ముహూర్తం ఆవలి గట్టుకి చేరింది. పెళ్ళికూతురి మేనమామ వచ్చి గుండిమెడ వారి గుమ్మం ముందు నిలబడి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. నలుగురూ శ్రద్ధగా విన్నారు. "ఈయన కూడా ప్లానులో లేడు" అన్నాడు అంకినీడు.

ఆ సాయంత్రం చుక్కమ్మ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఒరే, ఇది గీసినవాడు ఎక్కడ నిలబడి గీశాడ్రా?"

"పైనుంచి చూసినట్టు గీస్తారత్తా" అన్నాడు పానకాలు.

"పైనుంచి చూస్తే వంటింట్లో పొయ్యి గట్టు ఎలా కనిపించింది?"

అందరూ మెల్లిగా తలలెత్తి పెంకుల వైపు చూశారు.

"అమ్మో!" అన్నాడు పానకాలు. "ఇన్నాళ్ళూ ప్లానులో లేని కప్పు కిందా మనం కాపురం చేసింది!"

అంతే. నిచ్చెన వేశారు. పెంకులు దింపారు, వాసాలు ఊడదీశారు, దూలాలు దించారు. అన్నీ లేని గదిలోకీ, పట్టనివి దాని నెత్తి మీదకీ చేరాయి. ఇంట్లోకి సూర్యుడు వచ్చాడు, కాకులు వచ్చాయి. పని పూర్తయి చేతులు దులుపుకుంటుంటే అంకినీడుకి ఇంకోటి కనిపించింది. ప్లానులో మనుషులు కూడా లేరు.

నలుగురూ వెనక గదిలోకి దూరారు. కాళ్ళు చాపుకోవడానికి లేదు. పేరిందేవి రోలు మీద, అంకినీడు బీరువా మీద, పానకాలు పెంకుల మీద కూర్చున్నారు.

"ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే లేను" అంది చుక్కమ్మ తృప్తిగా. "ఇప్పుడు ఇంటిల్లిపాదీ లేము."

కబురందుకుని కృపానందం వచ్చాడు. వెంట సుభానీ వచ్చాడు. సుభానీ ముందు పెరట్లోకి తొంగిచూశాడు. చెట్టు మొదలు కనిపించింది. హాల్లోకి వచ్చాడు. పైకి చూశాడు.

"పానకాలు గారూ, కప్పేది?"

"ఎంత గండం తప్పిందో మీకు తెలియదు భాయ్. మేం చూసుకోబట్టి సరిపోయింది, లేకపోతే అక్రమ కప్పుని మీకు అంటగట్టేవాళ్ళం" అన్నాడు పానకాలు వెనక గదిలోంచే.

కృపానందం కూడా తల ఎత్తాడు. ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి. ఎత్తిన తల కాసేపటిదాకా దించలేకపోయాడు. తర్వాత కాగితం పట్టుకుని గది గదీ తిరిగాడు. గోడ సరిపోయింది. గుమ్మం సరిపోయింది. తలుపులు కూడా సరిపోయాయి. ఇంత కచ్చితంగా ప్లాను ప్రకారం ఉన్న ఇల్లు ఆయన ఆ మున్సిపాలిటీలో చూడలేదు. ఆయన సొంతిల్లు కూడా అలా లేదు. ఊపిరి పీల్చుకుని పెరట్లోకి వెళ్ళాడు. అక్కడ వెనక గది, నెత్తిన దూలాలు మోస్తూ, కిటికీలోంచి బీరువా తలుపు బయటపెట్టి నిలబడి ఉంది.

"మరి ఇదేంటయ్యా?"

"ఏది సార్?" అన్నాడు లోపల్నుంచి పానకాలు.

"ఈ గది!"

"మీ లెక్కలో లేదు కదా సార్."

"నా కళ్ళ ముందుందయ్యా!"

"మమ్మల్ని మీ లెక్క నమ్మమంటారా, మీ కళ్ళు నమ్మమంటారా?"

దానికి ఆఫీసులో అయితే జవాబుంది. పెరట్లో లేదు. కృపానందం రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

సుభానీ కల్పించుకున్నాడు. "పోనీండి. ఈ గది తీసేయండి. ఇంటి మీద కప్పు మళ్ళీ వేసేయండి. చెట్టు పోతే పోయింది. నేనే కొంటా. ఇచ్చిన మాట తప్పను."

"శుక్రవారం వస్తా" అన్నాడు కృపానందం. "తర్వాత దసరా సెలవులు, ఇక నేను దొరకను. గది ఉండకూడదు. కప్పు ఉండాలి. మిగతాది ప్లానుకి ఒక్క అంగుళం తేడా ఉన్నా సంతకం పెట్టను. ఈసారి టేపు పెట్టి కొలుస్తా, చెప్తున్నా!"

ఈ కప్పు సంగతి పిండిమర దాకా పాకింది. లింగారావు పేరిందేవిని పిలిచాడు. "సుభానీ గారు వేరే ఇల్లు కూడా చూసుకుంటున్నాడట. నా మర వెనక గదులు కూడా చూసి వెళ్ళాడు. శుక్రవారం మీ ఆఫీసరు వచ్చి వెళ్ళగానే నా దగ్గరికి రా తల్లీ. పనైందా, మర నీదే. కాలేదా, ఇంకో నెల ఆగమని చెప్పు, ఆగుతా. నువ్వు రాకపోతే మాత్రం నీకక్కర్లేదనుకుంటా."

"వస్తా బాబాయ్" అంది పేరిందేవి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మర మీద చెయ్యి వేసి ఒకసారి నిమిరింది.

వెనక గదిని ఒక్క పూటలో పడగొట్టారు. సామానంతా సందులో పెట్టారు. ఇక కప్పు వేయాలి. వేయబోయే ముందు పానకాలుకి ఆఫీసరు మాట గుర్తొచ్చింది.

"అంగుళం తేడా ఉండకూడదన్నాడురా. ముందు కొలవాలి."

టేపు తెచ్చారు. ఇల్లు కొలిచారు, సరే. తర్వాత అదే టేపు ప్లాను మీద పెట్టారు. అంకినీడు చూశాడు. మళ్ళీ చూశాడు. అతని ముఖం పాలిపోయింది.

"అన్నయ్యా, కొంప మునిగింది. ప్లానులో ఇల్లు జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు. మనది చూడు, ఇంత!"

పానకాలు కూలబడ్డాడు. "నాన్న ఇంత అన్యాయం చేశాడా? అనుమతి జానెడుకి తీసుకుని ఇంటిని ఊరంత కట్టాడా?"

"గదుల మీద అడుగులు వేసున్నాయిగా?" అంది పేరిందేవి.

"రాసిన మాట మనమెందుకు నమ్మాలి వదినా? టేపు చెప్తోందిగా."

"కింద మూలన కూడా ఏవో చిన్నక్షరాలున్నాయిరా, కొలత గురించేనేమో" అంది చుక్కమ్మ.

"ముఖ్యమైనవైతే పెద్దక్షరాలతో రాసేవాళ్ళత్తా."

ఆ మాట అందరికీ సబబుగా తోచింది. ఇంకేముంది, గునపాలు తీశారు. ఇంటిని పడగొట్టడం మొదలుపెట్టారు. గోడలు కూలుతున్న చప్పుడుకి సందులో వాళ్ళంతా వచ్చారు. వద్దని ఇద్దరు ముగ్గురు చెప్పారు. వీళ్ళు వినరని తేలాక అందరూ సాయం పట్టారు. ఎవరికి చేతనైనన్ని ఇటుకలు వాళ్ళు పట్టుకుపోయారు. గురువారం మధ్యాహ్నానికి గుండిమెడ వారి స్థలం అరచేయిలా చదునుగా ఉంది.

అప్పుడు పేరిందేవి ఆ మట్టే కలిపింది. ప్లాను మధ్యలో పెట్టుకుని, గీత గీతకీ వేలితో గోడ లేపింది. హాలు, పడకగది, వంటిల్లు, వంటింట్లో గోరంత పొయ్యి గట్టు. తాటాకు ముక్కలతో తలుపులు చేసి తెరిచి పెట్టింది. అంకినీడు సున్నంతో చీమంత బాణం వేశాడు. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు. వెంట్రుకవాసి తేడా లేదు. ఎంత ముద్దుగా ఉందంటే, సందులో పిల్లలు ఈ ఇంటి బొమ్మల కొలువు అప్పుడే మొదలైందనుకున్నారు.

"కప్పు?" అన్నాడు అంకినీడు.

"ప్లానులో లేదు, సారేమో ఉండాలన్నాడు" అన్నాడు పానకాలు. "తొందరపడద్దు. సార్ వచ్చాక అడిగి వేద్దాం."

శుక్రవారం పొద్దున్నే మబ్బు పట్టింది. కృపానందం, సుభానీ సందులోకి వచ్చారు. వచ్చి, ఇంటి ఇటు వైపు ఇల్లు చూశారు, అటు వైపు ఇల్లు చూశారు. మధ్యలో ఏమీ లేదు. నలుగురు మనుషులు మాత్రం ఉతికిన బట్టలు కట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు.

"ఇల్లేది?" అంటూ సుభానీ ముందుకు నడిచాడు.

"కాస్త చూసి నడవండి భాయ్! తొక్కేస్తారు!" అని పానకాలు చేతులడ్డం పెట్టాడు.

సుభానీ కిందికి చూశాడు. గొంతుక్కూర్చున్నాడు. గోతుల రోడ్డు నేర్పిన ఓర్పంతా కూడదీసుకుని అడిగాడు.

"ఇందులో నేనెక్కడ పడుకోవాలి?"

"పడకగది ఇదుగో" అని పానకాలు చిటికెన వేలితో చూపించాడు. "గాలి బాగా వస్తుంది."

సుభానీ లేచాడు. మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు. సందు చివరికి నడిచాడు. అటు వైపు ఉన్నది పిండిమర, దాని వెనక కప్పున్న రెండు గదులు.

పేరిందేవి అటు చూసింది. "నేను లింగారావు బాబాయ్‌తో చెప్పి రావాలి. ఆగమంటే ఆగుతానన్నాడు" అని కొంగు బిగించి, చెప్పుల్లో కాలు పెట్టింది.

ఈ లోపు కృపానందం టేపు తీశాడు. ఎందుకు తీశాడో ఆయనకే తెలియదు. అలవాటు. పొడవు కొలిచాడు, సరిపోయింది. వెడల్పు కొలిచాడు, సరిపోయింది. ఇక సంతకం పెట్టక తప్పదేమోనని కలం కోసం జేబు తడుముకుంటూ వెనక వైపు చూశాడు. వెనక గోడకి అతుక్కుని బొటనవేలంత గది ఇంకోటి ఉంది. అందులో ముక్కుపొడి డబ్బీ ఉంది.

"ఇదేంటి?"

"అది నాది నాయనా" అంది చుక్కమ్మ. "నిన్న అందరూ నిద్రపోతుంటే అతికించాను. నా డబ్బీకి చోటు చూపించలేదు వీళ్ళు. మీ లెక్కలో లేదులే."

కృపానందం ముఖంలోకి ఒక్కసారిగా కళ వచ్చింది. పొద్దుట్నుంచి ఆయనకి అర్థమైన మొదటి సంగతి ఇదే. సంచీలోంచి నోటీసు తీశాడు. అంటించడానికి గోడ లేదు, గేటు లేదు. ఇంటి మీదే పరిచి, ఎగిరిపోకుండా పైన ఒక ఇటుక పెట్టాడు. కింద మెత్తగా ఏదో నలిగింది. "అనుమతి లేని కట్టడం! తక్షణం పని ఆపండి!" అని వెళ్ళిపోయాడు.

ఇంకేముంది, ఆపేశారు. పేరిందేవి చెప్పుల్లోంచి కాలు వెనక్కి తీసుకుని కూర్చుంది. పక్కన చుక్కమ్మ, ఆ పక్కన అంకినీడు, చివర పానకాలు.

"వదినా, మర దగ్గరికి వెళ్తానన్నావు?" అన్నాడు అంకినీడు.

"వెళ్ళాలి. ఎలా వెళ్ళను? ఆపమన్నాడుగా."

సందు చివర మర ఆగింది. లింగారావు మధ్యాహ్నం దాకా గుమ్మంలో నిలబడి ఇటే చూశాడు. తర్వాత సుభానీతో కలిసి లోపలికి వెళ్ళాడు. కాసేపటికి మర మళ్ళీ తిరిగింది. చప్పుడు తీరు కాస్త వేరుగా ఉంది, కొత్త చెయ్యి.

"వాళ్ళకెవరూ ఆపమని చెప్పినట్టు లేదు" అన్నాడు పానకాలు.

పేరిందేవి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఘాటు ఇంత దూరం రాదు, అయినా పెట్టుకుంది.

వాన మొదలైంది. ముందు చినుకులు, తర్వాత ధారలు. సందులో సామాను తడిసింది, నలుగురూ తడిశారు. ఎవరూ కదల్లేదు.

"ముద్దయిపోతున్నాం కదరా" అంది చుక్కమ్మ.

పానకాలు ముఖం మీది నీళ్ళు కూడా తుడుచుకోకుండా నోటీసు వైపు గర్వంగా చూశాడు.

"మనం తడిస్తే ఏమైందత్తా? కప్పు ఉండాలన్నాడు, వెళ్తూ వెళ్తూ ఆయనే వేసి వెళ్ళాడు. ఇంట్లోకి ఒక్క చుక్క పడట్లేదు చూడు."